సెలవులకొచ్చిన పిల్లల చేతికి కారు తాళం ఇచ్చే ముందు: తక్కువ ఖర్చులో ఇన్సూరెన్స్ సరిచేసుకునే పద్ధతి

పోయిన భోగికి ముందు రోజు, జనవరి 13 సాయంత్రం, అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, వీడు చెన్నై నుంచి దిగాడో లేదో కారు తాళం ఎక్కడుందని అడుగుతున్నాడు. మీ బావేమో ఇన్సూరెన్స్ ఉందో లేదో గుర్తు లేదంటున్నారు. ఒకసారి వచ్చి చూడరా."

అమలాపురం పక్కనే వాళ్ళ ఊరు. వెళ్ళి డాష్‌బోర్డు సొరుగు తెరిచాను. పెట్రోలు బిల్లులు, అన్నవరం ప్రసాదం తాలూకు ఎండిపోయిన ఆకు, వాటి కింద పాలసీ కాగితం. సెప్టెంబరు 20తో గడువు ముగిసింది. 115 రోజులైంది. కారు మాత్రం ఈ నాలుగు నెలలూ సంతకీ, ఆసుపత్రికీ, పెళ్ళిళ్ళకీ తిరుగుతూనే ఉంది.

మా మేనల్లుడు అప్పటికే ఫోన్‌లో "స్టూడెంట్ ఇన్సూరెన్స్" కోసం వెతుకుతున్నాడు. పది రోజులకు సరిపడా పాలసీ దొరుకుతుందేమోనని వాడి ఆశ. ఆ రాత్రి వాడికి చెప్పిందీ, తర్వాత నేను నేర్చుకున్నదీ కలిపి వరసగా రాస్తున్నాను. దసరాకి, సంక్రాంతికి, వేసవికి మాత్రమే ఇంటికొచ్చి కారు తీసే పిల్లలున్న ఏ ఇంటికైనా ఇది పనికొస్తుంది.

1. పాలసీ బండికి, పిల్లాడికి కాదు

బ్రిటన్ లాంటి చోట్ల ఎవరు నడుపుతారో వాళ్ళ వయసును బట్టి ప్రీమియం మారుతుంది. వారానికో నెలకో తాత్కాలిక పాలసీ కూడా దొరుకుతుంది. మన దగ్గర లెక్క వేరు. సొంత కారు పాలసీ బండి మీద ఉంటుంది. ఓనరు అనుమతితో, సరైన లైసెన్స్ ఉన్నవాళ్ళు ఎవరు నడిపినా అదే పాలసీ పనిచేస్తుంది. మీ అమ్మాయి పేరు పాలసీలో రాయించాల్సిన పని లేదు, అదనంగా కట్టాల్సిందీ లేదు.

కాబట్టి సెలవుల డ్రైవింగ్‌కి అన్నిటికంటే చవకైన ఇన్సూరెన్స్ ఇంట్లో ఉన్న కారు పాలసీయే. అది బతికుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. విద్యార్థుల కోసం ప్రత్యేక పాలసీ అంటూ ఎవరైనా అమ్మజూపితే, అది ఏ కంపెనీది, మామూలు పాలసీకి దానికి తేడా ఏమిటి అని రెండు ప్రశ్నలు అడగండి. సాధారణంగా అక్కడితో మాట ఆగిపోతుంది.

2. లైసెన్స్ చూడండి, ముఖ్యంగా పుట్టినతేదీ చూడండి

ఇంటర్ రెండో సంవత్సరం హాస్టల్ పిల్లలు సంక్రాంతికి వచ్చేసరికి చాలామందికి పద్దెనిమిది నిండి ఉండదు. వాళ్ళకి తాళం ఇస్తే ఏ పాలసీ ఆదుకోదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు నేరం చేస్తే తండ్రి లేదా బండి ఓనరు మూడేళ్ళ దాకా జైలు, రూ. 25,000 జరిమానా ఎదుర్కోవాలి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. "ఊళ్ళోనే కదండీ, గుడి దాకా" అనే మాట కోర్టులో చెల్లదు.

పద్దెనిమిది దాటినా లైసెన్స్ లేకపోతే పరిస్థితి ఇంచుమించు అంతే. ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలితే, బాధితులకు ముందు కంపెనీ చెల్లించి, ఆ డబ్బు ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు తీర్పులిస్తుంటాయి. అంటే చివరికి ఆ భారం పడేది మీ పొలం మీదే.

ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్ళు నడపొచ్చు, కానీ షరతులున్నాయి. పక్క సీట్లో కారు లైసెన్స్ ఉన్న మనిషి, అవసరమైతే బండిని ఆపగలిగేలా కూర్చోవాలి. ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర 'ఎల్' అక్షరం ఉండాలి. పక్కన తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని వెళ్తే అది ఎల్‌ఎల్‌ఆర్ లేనట్టే లెక్క.

ఇక్కడ సెలవుల పిల్లలకు ఒక చిట్కా. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాత పరీక్షకు వెళ్ళొచ్చు. సంక్రాంతికి ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుంటే వేసవి సెలవుల్లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర పరీక్ష ఇచ్చేయొచ్చు. దసరాకి తీసుకుంటే మాత్రం మే నెల వచ్చేసరికి గడువైపోతుంది, మళ్ళీ మొదటికి.

3. గడువు తేదీ: డబ్బు పోయేది ఇక్కడే

అక్కవాళ్ళ కారు లెక్కే చూపిస్తాను. 1,197 సీసీ ఇంజిన్, ఆరేళ్ళ బండి. ఇన్సూరెన్స్ బిల్లులో రెండు పెద్ద భాగాలుంటాయి.

ఒకటి థర్డ్ పార్టీ. మన కారు వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి ఇది. చట్టప్రకారం తప్పనిసరి. దీని రేటును ప్రభుత్వమే ప్రకటిస్తుంది కాబట్టి ఏ కంపెనీలోనైనా ఒకటే. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 1,000 సీసీ లోపు కారుకి ఏడాదికి రూ. 2,094. 1,000 దాటి 1,500 సీసీ వరకు రూ. 3,416. అంతకు మించితే రూ. 7,897. ఎలక్ట్రిక్ కార్లకు కొంచెం తక్కువ. వీటిమీద 18 శాతం జీఎస్టీ. బేరం ఆడేందుకు ఇక్కడ ఏమీ లేదు.

రెండోది ఓన్ డ్యామేజ్, ఏజెంట్లు ఓడీ అంటారు. మన కారు పాడైతే వచ్చేది ఇది. థర్డ్ పార్టీ, ఓడీ రెండూ కలిసినదే ఫుల్ ఇన్సూరెన్స్. తగ్గింపులన్నీ ఇక్కడే. అందులో పెద్దది ఎన్‌సీబీ, అంటే నో క్లెయిమ్ బోనస్. ఏడాదంతా క్లెయిమ్ చేయకపోతే మరుసటి ఏడు ఓడీలో 20 శాతం తగ్గిస్తారు. అలా వరసగా 25, 35, 45 అయ్యాక 50 దగ్గర ఆగుతుంది.

బావ నాలుగేళ్ళు క్లెయిమ్ లేకుండా 45 శాతానికి చేరారు. ఓడీ రూ. 5,200 అనుకుంటే తగ్గింపు పోను రూ. 2,860. థర్డ్ పార్టీ రూ. 3,416 కలిపి, జీఎస్టీ వేస్తే సుమారు రూ. 7,406 అయ్యేది. కానీ గడువు ముగిసి 90 రోజులు దాటితే ఎన్‌సీబీ మొత్తం సున్నా. 115 రోజుల మరుపుకి బిల్లు రూ. 10,167 అయింది. రూ. 2,761 ఊరికే పోయినట్టు. పాతిక రోజులు ముందు ఆ కాగితం చూసుంటే ఆ డబ్బు మిగిలేది.

పైగా గడువు మీరిన బండికి ఓడీ ఇవ్వాలంటే కంపెనీ ముందు తనిఖీ చేస్తుంది. ఆ రాత్రి టార్చిలైటు వేసి, నంబరు ప్లేటు, ఛాసిస్ నంబరు, నాలుగు పక్కలా వీడియో తీశాం. వెలుతురు చాలలేదని తిప్పికొట్టారు. భోగి పొద్దున్నే, మంట ఆరకముందే, మళ్ళీ తీశాం. ఆమోదం వచ్చి పాలసీ చేతికొచ్చేసరికి పండగ సగం అయిపోయింది. అప్పటిదాకా మా వాడు సైకిల్ మీదే తిరిగాడు, కోపంగా.

గడువు తేదీ తెలుసుకోవడానికి సొరుగు వెతకక్కర్లేదు. ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే కనిపిస్తుంది. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి రూ. 2,000 జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి జరిమానా రూ. 4,000.

"సెలవుల్లోనే తిప్పుతాం కదా, మిగతా నెలలు పాలసీ ఎందుకు" అని కొందరు అడుగుతారు. పైన రాసిన ఎన్‌సీబీ లెక్కే దానికి జవాబు.

4. థర్డ్ పార్టీ చాలా, ఫుల్ ఇన్సూరెన్స్ కావాలా

బండి పన్నెండేళ్ళు దాటి, అమ్మితే లక్ష కూడా రాదంటే థర్డ్ పార్టీతో సరిపెట్టుకోవచ్చని నా అభిప్రాయం. కానీ ఒక్క విషయం ఆలోచించండి. సెలవులకొచ్చిన పిల్లలు కారు ఒంటరిగా తియ్యరు. వెనక ముగ్గురు, ముందు ఒకరు. అంతర్వేది తీర్థానికో, భీమవరం వైపు పందేలు చూడ్డానికో బయల్దేరతారు. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న సొంత కారులో ఊరికే ఎక్కిన స్నేహితులకు ఆ పాలసీ నుంచి పరిహారం రావడం కష్టం. ఫుల్ ఇన్సూరెన్స్‌లో అయితే లోపల కూర్చున్నవాళ్ళ బాధ్యత కూడా కంపెనీదే. నలుగురు స్నేహితుల ఇళ్ళ ముందు తలదించుకునే పరిస్థితి రాకూడదంటే ఆ తేడా కట్టేయడమే మంచిది.

ఇక మన డెల్టాలో కారుకి వచ్చే గండాలు హైదరాబాదు కారుకి వచ్చేవి కావు. కాలువగట్టు రోడ్ల మీద ఎదురుగా ట్రాక్టరొస్తే పక్కకి తప్పుకోవడానికి జానెడు చోటుండదు. కొత్త చేతులు స్టీరింగు అటు తిప్పితే నీళ్ళలోకే. వేసవి సెలవులొచ్చేది సరిగ్గా దాళ్వా కోతలప్పుడే. రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది. దాని మీద బ్రేకు వేస్తే ఇసక మీద వేసినట్టే జారుతుంది. ఇవన్నీ ఓడీ కిందకే వస్తాయి.

కొబ్బరికాయ సంగతి చాలామంది అడుగుతారు. చెట్టు కింద పెట్టిన కారు మీద కాయో మట్టో పడితే అది బయటి కారణంతో జరిగిన ప్రమాదమే, క్లెయిమ్ వస్తుంది. అద్దం పగిలితే అద్దానికి తరుగుదల కోత లేదు. బానెట్ సొట్టపడితే మాత్రం, బండి అయిదేళ్ళు దాటి పదేళ్ళ లోపుదైతే, మార్చిన రేకు భాగం ధరలో 40 శాతం మనమే పెట్టుకోవాలి. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు ఎప్పుడైనా సగమే. జీరో డిప్రిసియేషన్, అంటే షోరూమ్ వాళ్ళు బంపర్ టు బంపర్ అనేది, ఈ కోతల్ని తప్పించడానికే. అయిదేళ్ళ లోపు బండి, కొత్తగా నేర్చిన పిల్లలు ఉంటే తీసుకోండి.

పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద కారు ఎక్కించి కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికో, సఖినేటిపల్లి నుంచి నరసాపురానికో దాటేటప్పుడు ఏమైనా అయితే? ఫుల్ ఇన్సూరెన్స్ షరతుల్లో రోడ్డు, రైలుతో పాటు లోతట్టు జలమార్గంలో తీసుకెళ్ళేటప్పుడు జరిగే నష్టం కూడా ఉంది. ఈ మాట ఏజెంటుకే తెలియకపోవచ్చు, పాలసీ కాగితంలో చూపించండి. అయినా పంటు ఎక్కాక హ్యాండ్‌బ్రేకు వేసి, గేర్‌లో పెట్టి దిగి నిలబడమని పిల్లలకి చెప్పండి.

5. కిలోమీటర్లను బట్టి కట్టే పాలసీ

2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దీనికి అనుమతిచ్చింది. ఏడాదికి 2,500, 5,000, 7,500 లాంటి కిలోమీటర్ల స్లాబుల్లో ఒకటి ఎంచుకుంటే, తక్కువ తిరిగే బండికి ఓడీలో తగ్గింపు ఇస్తారు. మొదట్లో మీటరు ఫొటో పంపాలి. స్లాబు దాటేలా ఉంటే ముందే అదనపు కిలోమీటర్లు కొనుక్కోవాలి. దాటేశాక ప్రమాదం జరిగితే ఓడీ క్లెయిమ్‌లో కోత పడొచ్చు, అసలు రాకపోవచ్చు. థర్డ్ పార్టీకి మాత్రం ఈ గొడవ లేదు.

ఎంత తిరుగుతుందో అంచనా వేయడానికి పోయినేడు సర్వీసింగు బిల్లు, ఈ ఏటి బిల్లు పక్కపక్కన పెట్టండి. రెండిటి మీదా మీటరు రీడింగు ఉంటుంది. దానికి పిల్లల సెలవుల వాడకం కలపండి. అమలాపురం నుంచి రాజమండ్రి ఒకసారి వెళ్ళొస్తేనే 130 కిలోమీటర్ల దాకా అవుతుంది. అలాంటివి ఎన్ని పడతాయో వాళ్ళనే అడగండి. వాళ్ళు చెప్పినదానికి సగం కలుపుకోండి.

నా మాట అడిగితే, దీని మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. ఎన్‌సీబీ పోను ఓడీ రూ. 2,860 ఉన్న పాత బండికి 20 శాతం తగ్గినా మిగిలేది రూ. 572. అదే ఓడీ రూ. 14,000 ఉన్న కొత్త బండికైతే రూ. 2,800, అప్పుడు ప్రయోజనం. డ్రైవింగ్ తీరును యాప్‌తో కొలిచి తగ్గించే రకం కూడా ఉంది. కొత్త డ్రైవరున్న ఇంటికి అది అచ్చిరాదు.

6. ఎక్కడ కోయొచ్చు, ఎక్కడ కోయకూడదు

ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టిన విలువ, తగ్గిస్తే ప్రీమియం తగ్గుతుంది, కానీ బండి పోతే వచ్చేదీ తగ్గుతుంది. బజారు ధరకి దగ్గరగా ఉంచండి. క్లెయిమ్‌లో కొంత సొమ్ము మేమే పెట్టుకుంటామని ముందే ఒప్పుకునే వాలంటరీ డిడక్టబుల్ చిన్న దెబ్బలకు క్లెయిమ్ చేయనివాళ్ళకి మంచిదే. కీ రీప్లేస్‌మెంట్, టైర్ కవర్ లాంటివి తీసేయండి.

ఒక్కటి మాత్రం తీయకండి: ఇంజిన్ ప్రొటెక్షన్. వరద వల్ల కారు మునిగితే మామూలు పాలసీ కవర్ చేస్తుంది. కానీ నీళ్ళలో నిలిచిన బండిని స్టార్ట్ చేయబోయి ఇంజిన్‌లోకి నీరు లాగేసుకుంటే, ఆ నష్టాన్ని మామూలు పాలసీలో ఇవ్వరు. గోదావరికి వరదొస్తే కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిపోతాయి. నీళ్ళు మోకాలి లోతే కదా అని దింపేవాళ్ళకి కొదవ లేదు. పిల్లలకి ముందే చెప్పండి: నీళ్ళలో బండి ఆగిపోతే తాళం తిప్పొద్దు, దిగి వచ్చేయ్, తోసుకుని బయటపడేద్దాం.

7. నడిపే పిల్లాడికి ఏముంది?

ఇది దాదాపు ఎవరూ చూడని చోటు. పాలసీలో రూ. 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుంది కదా, అది ఆర్‌సీలో పేరున్న ఓనరుకే. తండ్రి కారు కొడుకు నడుపుతూ ప్రమాదం తెచ్చుకుంటే ఆ పదిహేను లక్షలు వాడికి వర్తించవు. పోనీ థర్డ్ పార్టీ కింద అడుగుదామంటే, బండి అడిగి తీసుకున్నవాడు ఓనరు స్థానంలోకి వస్తాడని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి, కాబట్టి అక్కడా రాదు.

దీనికి రెండు చవక దారులు. పిల్లాడి పేరు పెట్టి పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కలపమని రెన్యువల్ అప్పుడే అడగండి. రెండోది, పిల్లల బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన పెట్టించండి. 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకి, ఏడాదికి రూ. 20. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తి వైకల్యం వచ్చినా రూ. 2 లక్షలు. ఇది జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తుంది కాబట్టి మే నెలాఖరుకి ఖాతాలో ఆ ఇరవై రూపాయలు ఉండేలా చూడాలి.

ఓనరుకి లైసెన్సే లేకపోతే, చాలా ఇళ్ళలో కారు అమ్మ పేరున ఉంటుంది కదా, ఆ పదిహేను లక్షల కవర్ ఆవిడకి వర్తించదు. దానికి డబ్బు కట్టించుకుంటుంటే తీసేయమనండి.

8. సెకండ్ హ్యాండ్ కారు, అద్దె కారు

పిల్లలకోసం చిన్న బండి కొంటుంటే 1,000 సీసీ లోపు చూడండి, థర్డ్ పార్టీలో ఏటా రూ. 1,322 తేడా. కొన్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ కూడా పేరు మార్పించాలి. ఆర్‌సీ మారింది కదా అని ఊరుకుంటే ఓడీ క్లెయిమ్ దగ్గర చిక్కు. పాత ఓనరు ఎన్‌సీబీ మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. నాన్న పేరున ఉన్న ఎన్‌సీబీ కూడా కొడుకు పేరున కొన్న కారుకి బదిలీ కాదు. అందుకే చదువు అయ్యేదాకా బండి నాన్న పేరునే ఉంచడం లాభం. నాన్న పాత కారు అమ్మేస్తుంటే ఎన్‌సీబీ లెటర్ తీసుకుని దాచుకుంటే మూడేళ్ళలోపు కొత్త బండికి వాడుకోవచ్చు.

పండగలకి తెల్ల నంబరు ప్లేటు కార్లు "సెల్ఫ్ డ్రైవ్" పేరుతో రోజువారీ అద్దెకిస్తుంటారు. సొంత కారు పాలసీ అద్దె వాడకానికి చెల్లదు. అద్దె సెల్ఫ్ డ్రైవ్ బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. లేకపోతే ఎక్కొద్దు.

9. దెబ్బ తగిలితే

ముందు మనుషుల్ని చూడాలి, 108కి చేయాలి. తర్వాత కదపకముందే ఫొటోలు, కంపెనీకి ఫోన్. ఎవరికైనా గాయమైతే పోలీసు స్టేషన్‌కి చెప్పక తప్పదు. అక్కడికక్కడే వెయ్యో రెండు వేలో చేతిలో పెట్టి కాగితం మీద సంతకాలు చేసుకోవడం మన ఊళ్ళలో అలవాటు, తర్వాత కేసు వస్తే ఆ కాగితం నిలబడదు. మందు తాగి నడిపితే ఓడీ క్లెయిమ్ మర్చిపోవచ్చు.

గేటుకి రాసుకున్న గీతకి క్లెయిమ్ వెయ్యకండి. టింకరింగ్, పెయింటు కలిపి రూ. 4,000 బిల్లు అనుకుందాం. తప్పనిసరి కోత రూ. 1,000 పోను వచ్చేది మహా అయితే రూ. 3,000. పైన చెప్పిన బండికి 45 శాతం ఎన్‌సీబీ పోకుండా ఉండుంటే, మరుసటి ఏడు వచ్చే 50 శాతం విలువ జీఎస్టీతో రూ. 3,068. వచ్చినదానికంటే పోయిందే ఎక్కువ, పైగా మళ్ళీ 20 నుంచి మొదలు.

కంపెనీ అన్యాయంగా తిరస్కరిస్తే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాలతో పాటు యానాం వాళ్ళూ అక్కడికే.

10. పిల్లలు తిరిగి వెళ్ళే రోజు

రైలెక్కించే ముందు మీటరు ఫొటో ఒకటి తీయించండి. పాలసీ కాపీ, ఆర్‌సీ డిజీలాకర్‌లో వాళ్ళ చేతే పెట్టించండి. గడువుకి నెల ముందు మోగేలా వాళ్ళ ఫోన్‌లోనే అలారం పెట్టండి, మన ఫోన్‌లో పెడితే మనం ఆపేసి పడుకుంటాం. మా మేనల్లుడి ఫోన్‌లో డిసెంబరు 15కి ఉంది. బండిని మాత్రం కొబ్బరిచెట్టు కింద నుంచి తీసి పశువుల పాక పక్కకి మార్చారు బావ.